మిట్ట రాకముందే

చోడవరం,
నవంబరు, ఆదివారం మధ్యాహ్నం.

ఒరే ఆస్టిన్,

అక్క వందనాలు. అమ్మ వందనాలు, ప్రార్థనలు కూడా ఇందులోనే కలిపి తీసుకో. ముందు నన్ను కాసేపు తిట్టుకోనీ. నీ గేర్ల సైకిలు నన్ను చంపేస్తోంది.

నవ్వకు. మా క్లినిక్ గ్లోరియా పెళ్ళి చేసుకుని మాడుగుల వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ దాని స్కూటీ వెనక కూర్చునే రావికమతం రోడ్డులో మా క్లినిక్‌కి వెళ్ళేదాన్ని. ఇప్పుడెలా వెళ్ళను? నువ్వు ఆటోస్టాండులో ఉమామహేష్ మోకాలు రాడ్డుతో విరగ్గొట్టిన సాయంత్రమే ఆటోవాళ్ళంతా కట్టుబాటు పెట్టుకున్నారు కదా. తమ మనిషిని కొట్టినవాడి ఇంటివాళ్ళని ఎవరూ ఆటో ఎక్కించుకోకూడదని. రెండేళ్ళయినా ఒక్కడు కూడా దాన్ని దాటలేదు. తాగి ఆటో నడిపి మన నాన్నని రోడ్డు మీద చంపిన ఆ ఉమామహేష్‌కి మాత్రం ఏ కట్టుబాటూ లేదు. వాడి కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది, వాడు స్టాండులోనే ఉన్నాడు. మొన్న అమ్మ జ్వరంతో వణికిపోతుంటే ఒక ఆటో ఆపాను. అతను ముఖం అటు తిప్పుకుని, "నానేటి సెయ్యనమ్మా, ఎక్కించుకుంటే రేపట్నించి నన్ను స్టాండులో నిలబడనివ్వరు" అన్నాడు. అమ్మ ఆ జ్వరంలోనే ఆసుపత్రి దాకా నడిచింది.

అందుకని షెడ్డులోంచి నీ సైకిలు బయటికి తీశాను. పదో తరగతి వరకూ తొక్కినదాన్నే, అదెంత పని అనుకున్నాను. ఎదురింటి మంగాయమ్మ అరుగు మీంచి, "ముప్పై దాటిపోనాక సైకిలేటే గుంటా, సూడ్డానికి బాగోదు" అంది. ఆవిడ మాటకి పౌరుషం వచ్చి గట్టిగా తొక్కుకుంటూ వెళ్ళాను. చదునుగా ఉన్నంత మేరా బాగానే ఉంది. గుట్ట దగ్గర మిట్ట మొదలయ్యేసరికి కాళ్ళు ఆగిపోయాయి. లేచి నిలబడి, బలమంతా పెడల్ మీద వేసి, చేతికందిన గేరల్లా నొక్కాను. ఫట్‌మని చైను ఊడింది. పెడల్ వెనక్కి తిరిగి ముంగాలి ఎముక మీద కొట్టింది. చర్మం లేచిపోయింది, రక్తం చెప్పులోకి కారింది.

దిగి సైకిల్ని తన్నాను. కసి తీరక మళ్ళీ తన్నాను. చెరకు నరికే ఆడవాళ్ళు కొడవళ్ళు ఆపి మరీ చూశారు. నాన్న కోపమంతా నీకే వచ్చిందని చుట్టాలందరూ అంటారు. నాకూ వచ్చిందిరా, నర్సు బట్టల కింద దాచుకుని తిరుగుతున్నాను, అంతే.

ఈ గేర్లు ఏమిటో, ఎప్పుడు ఏది నొక్కాలో వివరంగా రాయి. ఫోనులో నీకిచ్చే కాస్త సమయం అమ్మ ఏడుపుకే సరిపోతోంది.

నీ అక్క,
జూడీ


విశాఖపట్నం, జైలు నుంచి,
నవంబరు చివర.

అక్కా,

వందనాలు. నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానో! పక్కన పడుకున్నవాడు, తనని చూసే నవ్వుతున్నాననుకుని పోట్లాటకొచ్చాడు. ఇక్కడ ఉత్తరాలు విప్పి చదివాకే పంపుతారు. కాబట్టి ఇది చదువుతున్న సారుకి కూడా నమస్కారం.

ముందు, సైకిల్ని తన్నకు. తప్పు దానిది కాదు, నీది. హ్యాండిల్‌కి ఎడమవైపు ఉన్న మీట ముందున్న పళ్ళచక్రాల కోసం. కుడివైపు మీట వెనకవాటి కోసం. ఎడమ మీటని మధ్య అంకె మీద పెట్టేసి కొన్నాళ్ళు దాని జోలికి పోకు. కుడిదాంతోనే నేర్చుకో. ఒకటి మీద పెడితే తేలిగ్గా తిరుగుతుంది, మెల్లగా కదులుతుంది. ఏడు మీద పెడితే బరువుగా తిరుగుతుంది, జోరుగా పోతుంది. ఒక్కో అంకే మార్చు. మార్చేటప్పుడు కాళ్ళు తిరుగుతూనే ఉండాలి కానీ, పెడల్ మీద బరువు ఉండకూడదు. ఊరికే తిప్పుతున్నట్టు తిప్పాలి. చైను దానంతటదే పక్క చక్రం మీదికి ఎక్కుతుంది.

అసలు సంగతి ఇది. మిట్ట కనబడగానే గేరు మార్చాలి. మిట్ట మధ్యలోకి వెళ్ళాక, రొప్పుతూ, ఒళ్ళంతా పెడల్ మీద వేసి మారుద్దామంటే చైను ఒప్పుకోదు. పాత సైకిలు తొక్కినవాళ్ళందరూ చేసే తప్పే ఇది. నేను పనిచేసిన షాపులో సైకిలు కొన్న ప్రతివాడికీ ఇదే చెప్పేవాడిని, వారం తిరక్కుండా ప్రతివాడూ చైను ఊడగొట్టుకునే వచ్చేవాడు.

నేను బాగానే ఉన్నాను. ఈ మధ్య అన్నం వరసలో ఒకడు కావాలని నా పళ్ళెం తన్నాడు. వాడి గొంతు పట్టుకుని గోడకి నొక్కేశాను. వాడి కళ్ళు తేలిపోతుంటే నలుగురు వచ్చి నన్ను లాగారు. ఇంకోసారి ఇలా చేస్తే విడుదల వెనక్కి పోతుందని సారు చెప్పారు. అప్పటినుంచి ఎవడైనా కదిపితే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంటున్నాను. అందరూ నవ్వుతున్నారు. నవ్వనీ. చలి తగ్గేసరికి నేను ఇంట్లో ఉండాలి.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. వాడు, ఆ ఉమామహేష్, నీకు దారిలో కనబడుతున్నాడా?

తమ్ముడు,
ఆస్టిన్


చోడవరం,
డిసెంబరు, క్రిస్మస్ ముందు.

ఒరే ఆస్టిన్,

వచ్చేసిందిరా! గుట్ట దగ్గరి మిట్ట దిగకుండా ఎక్కేశాను. నువ్వు రాసినట్టే, దూరంగా మిట్ట కనబడగానే నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు, ఒక్కొక్కటే మార్చాను. చైను చిన్నగా టక్కుమని ఎక్కిన ప్రతిసారీ నాకు ఎంత సంబరమో. చెరకు ట్రాక్టరు ఒకటి ముక్కుతూ ఎక్కుతుంటే దాన్ని దాటేశాను కూడా. పైకి చేరాక పాట పాడుకున్నాను. ఒళ్ళంతా చెమట, ఎదురుగా చల్లగాలి. నాన్న పోయాక అంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఆ మాట అమ్మకి చెబితే ఏడ్చింది.

వాడు నాకు కనబడటం లేదు. ఆటో అనకాపల్లి వైపు తిప్పుతున్నాడట. నువ్వు నిశ్చింతగా ఉండు.

మొన్న చిన్న దెబ్బ తగిలింది, ఎవరో నీ చెవిన వేసేలోపు నేనే చెప్పేస్తున్నాను. వచ్చేటప్పుడు చీకటి పడుతోంది, తొందరలో గేరు తప్పు నొక్కాను, చైను ఊడి రోడ్డుకి ఎడమపక్కన మళ్ళో పడ్డాను. అప్పుడే చెరకు నరికిన మడి. నరికిన మోళ్ళు ఎంత వాడిగా ఉంటాయో తెలుసు కదా. ఒకటి ఎడమ తొడలోకి దిగింది, ఇంకొకటి ఎడమ మోచెయ్యి చీల్చేసింది. ఆ మడి నూకరత్నం పిన్నిది. ఆవిడే నన్ను ఎత్తి, తన కొంగు చింపి కట్టింది. కుట్లు పడ్డాయి, మానుతోంది. మా డాక్టరు గారు కుడుతుంటే కుట్టు సరిగా రావడం లేదని ఆయన్నే కసురుకున్నానట.

సైకిలుకే ఎక్కువ తగిలింది. వెనక చక్రం పక్కన వేలాడే గేరు లోపలికి వంగిపోయి చువ్వల్లో ఇరుక్కుంది. దాన్ని చేత్తో లాగొచ్చా, షాపుకి తీసుకెళ్ళాలా?

క్రిస్మస్‌కి అమ్మ కజ్జికాయలు చేస్తోంది. నీ వాటా నేనే తినేస్తాను.

జూడీ


విశాఖపట్నం, జైలు నుంచి,
డిసెంబరు.

అక్కా,

గేరు సైకిలుకి కుడిపక్కన ఉంటుంది. నువ్వు ఎడమపక్కన పడ్డావు. తొడ ఎడమది, మోచెయ్యి ఎడమది. అలా పడినప్పుడు కుడిపక్క ఆకాశం వైపు ఉంటుంది. కుడిపక్క గేరు లోపలికి ఎలా వంగింది? చైను ఊడితే గేరు వంగదు. దాన్ని ఏదో బలంగా గుద్దితేనే వంగుతుంది. రోడ్డు మీద నీకు కుడివైపు నుంచే బండ్లు దాటతాయి.

ఎన్ని సైకిళ్ళు విప్పి బిగించానో నీకు తెలుసు. నాతో అబద్ధం చెప్పకు.

ఎవడు గుద్దాడు?

ఆస్టిన్


చోడవరం,
జనవరి మొదట్లో.

ఆస్టిన్,

వాడే.

అనకాపల్లి మాట అబద్ధం. సైకిలెక్కిన మొదటి వారం నుంచీ వెంటపడుతున్నాడు. ముందు చెవి పక్కకి వచ్చి హారన్ కొట్టేవాడు. ఆ తర్వాత పక్కనే నడుపుతూ, విరిగిన మోకాలు చరుచుకుని చూపించి, "ఇది మీ తమ్ముడి బాకీయే, నీ దగ్గరే వసూలు సేత్తాను" అనేవాడు. నేను ముందుకి చూసి తొక్కుకుంటూ పోయేదాన్ని. ఒకసారి ఆటో ఎక్కినవాళ్ళంతా చూస్తుండగా నా వీపు మీద కిళ్ళీ ఉమ్మేశాడు. తెల్ల డ్రెస్సు. క్లినిక్‌లో రక్తమనుకున్నారు. నేనూ అవునని చెప్పాను.

ఆ సాయంత్రం వెనకనుంచి ఆటో చప్పుడు విన్నాను. దాటిపోతుందని ఎడమకి జరిగాను. అదీ జరిగింది. నేను మట్టి మీదికి దిగాను, అదీ దిగింది. దాని ముందు భాగం గేరుని గుద్దింది, సైకిలు నా కింద నుంచి లేచిపోయింది. తర్వాత నోట్లో మట్టి. తొడలో మోడు దిగినప్పుడు నొప్పి తెలియలేదు, చప్పుడు తెలిసింది. వాడు ఆటో ఆపి, లైటు నా మీద పడేలా తిప్పి, "సచ్చిందేటి, బతికే ఉందా?" అని లోపలున్నవాళ్ళని అడిగాడు. వాళ్ళలో ఒక్కరూ కిందికి దిగలేదు. నూకరత్నం పిన్ని కొడవలి ఎత్తుకుని అరుస్తూ వస్తే అప్పుడు కదిలాడు.

కేసు పెట్టడానికి పిన్ని సాక్ష్యం చెబుతానంది. వాళ్ళాయన వద్దన్నాడు. "రోజూ ఆ ఆటోల్లోనే తిరగాల మనం" అన్నాడు. ఆయన భయం ఆయనది.

నీకు ఎందుకు చెప్పలేదో నీకే తెలుసు. నువ్వు అన్నం కోసం మనిషి గొంతు నొక్కినవాడివి. నాన్న పోయాడు. నువ్వు పోతే నేను, అమ్మ ఎవరిని చూసుకుని బతకాలి? నాకు పగ అక్కర్లేదు, తమ్ముడు ఇంటికి రావాలి. ఈ మాట పది సార్లు చదువు.

గేరు షాపులో వేయించాను. మళ్ళీ తొక్కుతున్నాను. వాడికి భయపడి ఇంట్లో కూర్చోను.

జూడీ


విశాఖపట్నం, జైలు నుంచి,
జనవరి.

ప్రియమైన అక్కకి,

వందనాలు. నీ ఉత్తరం అందింది. నేను ప్రశాంతంగా ఉన్నాను. ఎవరితోనూ గొడవ పడటం లేదు. నా ప్రవర్తన బాగుందని సార్లు కూడా అంటున్నారు. వచ్చే నెలలో విడుదల ఖాయం.

వచ్చాక పాత షాపులోనే పనిలో చేరతాను. అందుకని నా పనిముట్ల పెట్టె ఒకసారి తీసి చూడు. అందులో అన్నిటికన్నా పెద్ద స్పానరు ఉంటుంది, చెయ్యంత పొడవు. చలికాలం కదా, తుప్పు పట్టి ఉంటుంది. బాగా తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టి, తలుపు పక్కన పెట్టు. వచ్చిన రోజే నాకు దానితో పని ఉంటుంది.

అమ్మకి ఏమీ చెప్పకు. ఆ రోజు ఆవిడని చర్చికి పంపించు.

ప్రేమతో,
ఆస్టిన్


విశాఖపట్నం, మహిళా జైలు,
ఫిబ్రవరి.

ఒరే ఆస్టిన్,

ఈ అడ్రసు చూసి నువ్వు ఎక్కడ కూలబడ్డావో నాకు తెలుసు. లే. మంచినీళ్ళు తాగి చదువు. నువ్వు బయటికొచ్చావు, నేను లోపలున్నాను. ఇలా అవుతుందనుకోలేదు. నా నోటితో నేనే చెప్పాలి, స్టాండు వాళ్ళు చెప్పినట్టు నువ్వు వినకూడదు.

నీ ఉత్తరం చదివిన సారుకి అందులో సైకిలు పనే కనబడి ఉంటుంది. నాకు మాత్రం వాడి శవం కనబడింది, దాని పక్కన నీ శవం కనబడింది. స్పానరు తీశాను. అది ఇంట్లో ఉంటే నీ చేతికొస్తుంది. కాలవలో పారేద్దామని గుడ్డలో చుట్టి నా సంచిలో వేసుకున్నాను. నూనె రాయలేదు.

గుట్ట దగ్గరి మిట్ట. దూరం నుంచే గేరు రెండులోకి దించి ఎక్కుతున్నాను. ముందు చెరకు ట్రాక్టరు, దాని వెనక వాడి ఆటో, నిండా మనుషులు. ఆటో నత్తనడక నడుస్తోంది, నేను పక్కనుంచి దాటబోయాను. వాడు అద్దంలో చూసి నా మీదికి తిప్పాడు. చక్రం నా పాదం మీదికి ఎక్కింది. ఎముక విరిగింది. సైకిలుతో సహా పడ్డాను. వాడు కుంటుకుంటూ దిగి, నా జడ చేతికి చుట్టుకుని, తల రోడ్డుకేసి కొట్టాడు. "మీ నాన్న పక్కనే తొంగోబెడతాను" అన్నాడు. మళ్ళీ కొట్టాడు. సంచి నా చేతి కిందే ఉంది.

మొదటి దెబ్బ వాడి చేతి మీద పడింది. జడ వదిలేశాడు, వెనక్కి పడ్డాడు. అక్కడితో అయిపోయింది. నేను లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. ఒంటికాలి మీద లేచి నిలబడి, రెండు చేతులతో ఎత్తి, ముఖం మీద కొట్టాను. వాడి కుడి కన్ను పోయింది.

లాయరు ఆత్మరక్షణ అంటున్నాడు. మొదటి దెబ్బ వరకూ అది నిజం. రెండో దెబ్బ మాత్రం నాది. నువ్వు చంపుతావు, నేనైతే చంపకుండా కొడతాను అనే లెక్క ఒకటి ఆ క్షణంలో వేసుకున్నానని అమ్మకి చెప్పాను. నీకు నిజం చెబుతున్నాను. ఏ లెక్కా వేసుకోలేదు. కొట్టాలనిపించింది, కొట్టాను. ఆ చప్పుడు నాకు బాగుంది. ఒరే, నిజంగా బాగుంది. ఆ తర్వాత వాడు, "అమ్మా, అమ్మా" అని నేల తడుముకుంటుంటే స్పానరు పడేశాను. నా చున్నీ చింపి వాడి కంటికి కట్టు కట్టాను. కొట్టిందీ నేనే, కట్టిందీ నేనే. అంబులెన్సు వచ్చేదాకా వాడి తల నా ఒళ్ళోనే ఉంది. ఇప్పుడు నిద్రలో కూడా ఆ బరువు దిగడం లేదు.

నూకరత్నం పిన్ని తన మడి గట్టు మీంచి అంతా చూసింది. వాడు ముందు నా తల కొట్టడం చూసింది. ఆవిడ కోర్టులో ఆ మాట చెబితే నేను త్వరగా వస్తాను. వెళ్ళి అడుగు, కాళ్ళు పట్టుకుని అడుగు. కానీ ఆవిడ దగ్గరికి వెళ్ళాలంటే స్టాండు దాటే వెళ్ళాలి. వాడు ఆసుపత్రి నుంచి వచ్చి అక్కడే కూర్చుంటున్నాడట.

ఆస్టిన్, నువ్వు వాడి మీద చెయ్యి వేస్తే పిన్ని నోరు విప్పదు. ఊరంతా, వీళ్ళ రక్తమే అంత అంటుంది. నేను ఇక్కడే ముసలిదాన్నవుతాను. నన్ను బయటికి తెచ్చేది నీ చేతులు కాదు. వాటిని ఎక్కడైనా పెట్టుకో.

సైకిలు స్టేషన్‌లోంచి విడిపించుకో. కుడి మీట కొంచెం బిగుసుకుంది.

నీ అక్క,
జూడీ


చోడవరం,
మార్చి.

అక్కా,

వందనాలు. పాదం ఎలా ఉంది? అమ్మా, నేనూ ఆదివారం చూడటానికి వస్తున్నాం. మాడుగుల నుంచి గ్లోరియా హల్వా పంపింది. లోపలికి రానిస్తారో లేదో తెలియదు, తెస్తాను.

ఈ వేళ నూకరత్నం పిన్ని దగ్గరికి వెళ్ళాను. సైకిలు మీదే వెళ్ళాను. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు నా మనసులో ఏముందో నీకు రాయను, ఉత్తరాలు విప్పేవాళ్ళుంటారు. జేబులో ఏమీ లేదు. అంతవరకు చెప్పగలను.

కోపంతో ఏడులో పెట్టి తొక్కుతున్నాను. స్టాండు కనబడింది. వాడు ఆటో ముందు స్టూలు మీద ఉన్నాడు. కంటికి తెల్లగుడ్డ. నన్ను చూసి కర్ర పట్టుకుని లేచాడు, రోడ్డుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. డ్రైవర్లంతా లేచారు. అప్పుడు నాకు గుర్తొచ్చింది, స్టాండు దాటగానే మిట్ట ఉంది. కాళ్ళ బరువు తీసేసి కుడి మీట నొక్కాను. ఆరు. అయిదు. బిగుసుకునే ఉంది. నాలుగు. నువ్వు నవ్వుకో, ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పినవాడిని, నా అంతట నేను మిట్ట రాకముందు గేరు మార్చడం ఇదే మొదటిసారి అనిపించింది.

వాడి పక్కనుంచి వెళుతుంటే, "రారా, రెండోది కూడా పొడిసెయ్యి, మీ అక్కని అక్కడే కుళ్ళబెడతాను" అన్నాడు. నేను ఆగలేదు. ఉమ్మేశాడు. నా కుడి కన్ను కింద పడింది. వెచ్చగా చెంప మీంచి మూతి దాకా జారింది. వెనకనుంచి అందరూ నవ్వారు.

తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే ఒక చెయ్యి హ్యాండిల్ మీంచి తియ్యాలి. తీస్తే అది నా ముఖం దగ్గరికి రాదని నాకు తెలుసు.

మూడు, రెండు, మిట్ట మొదలైంది. ఏడుస్తూ ఎక్కానక్కా. పైకి చేరేసరికి అది ఎండిపోయి చర్మం బిగుసుకుంది. నూకరత్నం పిన్ని మళ్ళో నీళ్ళు కడుతోంది. నన్ను చూసి, "ఆ మొకం మీదదేటి బాబూ?" అంది. చెప్పాను. వాళ్ళాయన గట్టు మీద నిలబడి తల దించుకున్నాడు.

"కోర్టు కాడికి ఎప్పుడు రావాలో సెప్పు, నాను వత్తాను. ఆటో ఎక్కించుకోకపోతే నడిసే వత్తాను" అని పిన్ని చెంబుతో నీళ్ళు ముంచి, "ముందు కడుక్కో" అంది.

అప్పుడు హ్యాండిల్ వదలబోయాను. వేళ్ళు రాలేదు. ఆవిడే ఒక్కొక్క వేలూ విడదీసి, దోసిట్లో నీళ్ళు పోసింది.

కడుక్కున్నాను అక్కా.

తమ్ముడు,
ఆస్టిన్